శిశుపోషణ: కన్నుగప్పి వెళ్లుట



క్రిందటి నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరములలో ఒకటి నేటికిని నా పుస్తకములో మడతవెట్టియే యున్నది. వ్రాసిన యామెకు ఏడవ నెల. పెద్దవానికి రెండేండ్లు నిండినవి. పురుటికి పుట్టింటికి పోవలెను. అచ్చట చేయువారు లేనందున పిల్లవానిని అత్తగారి యొద్దనే విడిచి వెళ్లుటకు నిశ్చయించినారట. "వాడు నిద్రపోవుచుండగా బయలుదేరుమనియు, కంటబడితినా యేడ్చి కాళ్లకు చుట్టుకొనుననియు అందరును చెప్పుచున్నారు. నా మనస్సు మాత్రము ఒప్పకున్నది. ఏమి చేయుదును?" అని యామె ప్రశ్న.

దీనికి నాలుగు పంక్తులలో జవాబు వ్రాసి ఊరకుండవచ్చును. కాని నేనును ఒకనాడు నిద్రించుచున్న బిడ్డను విడిచి గడప దాటినదానను. నాలుగు పంక్తులతో నాకు తీరదు.

నా రెండవ కానుపునాటికి మా పెద్దమ్మాయికి రెండున్నర యేండ్లు. ఎనిమిదవ నెలలో కాళ్లు పొంగి, రక్తపుపోటు హెచ్చినది. ఆ రాత్రియే పట్టణములో ఆసుపత్రికి చేరవలెనని డాక్టరమ్మ చెప్పినది. పిల్ల మంచముమీద నిద్రించుచున్నది. లేపి చెప్పుదమని వంగితిని. మా అత్తగారు నా చేయి పట్టుకొని, "లేపకమ్మా, ఏడ్చిందంటే నువ్వు కదలలేవు. తెల్లవారితే నేను చూసుకుంటానుగా" అన్నారు. ఆమె మాటలో కపటము లేదు. నా మీద జాలియే యున్నది. మూడు దినములలో తిరిగి వత్తునని తలచి వెళ్లితిని. ఇరువదియారు దినములు పట్టినది. చంటివాడు నెల తక్కువగా పుట్టుటచేత వానిని వెచ్చని పెట్టెలో నుంచినారు. ఆ వార్డులోనికి చిన్నపిల్లలను రానీయరు.

మొదటి రెండు రాత్రులు మా వారు ఫోనులో నా ముఖమును పిల్లకు చూపించినారు. అది ఫోనును లాగుకొని, వెనుకకు త్రిప్పి, నేనక్కడ దాగియున్నానేమో యని వెదకినదట. పిమ్మట అర్ధరాత్రి దాక ఏడ్చినదట. మూడవనాటినుండి చూపుట మానినారు. చూపిన ఏడ్చును, చూపకున్న ఊరకుండును గదా! నేనును సరేయంటిని.

మా వారు బడి ముగించుకొని సాయంకాలము వచ్చి యింటి కబుర్లు చెప్పెడివారు. మొదట్లో పిల్ల స్నానాలగది తలుపు తట్టుచు, నా చీర పరచిననే గాని పండుకొననని మొరాయించుచున్నదట. వారము తిరుగునప్పటికి ఏడుపు తగ్గి, వీధి మెట్టుమీద వ్రేలు చప్పరించుచు కూర్చుండుచున్నదట. పండ్రెండవ నాటికి అందరి యొద్దకును పోవుచున్నదట, పెట్టినది తినుచున్నదట. "ఎంత బుద్ధిమంతురాలైందో! నీ పేరే ఎత్తడం లేదు" అని వారు సంతోషముగా చెప్పగా నేనును సంతోషించితిని. ప్రక్క మంచము నామె నా యదృష్టమును మెచ్చుకొనినది.

ఇంటికి వచ్చిన దినమున పిల్ల నాయనమ్మ చంకలో నున్నది. నేను చేతులు చాచితిని. వీధిలో గాజులమ్మ వచ్చిన నెట్లు చూచునో అట్లు నన్ను చూచి, తల త్రిప్పి ఆమె భుజములో ముఖము దాచుకొన్నది. "అమ్మనే మరచిపోయింది చూడండర్రా!" యని అందరును నవ్విరి. నవ్వక చేయునది లేక నేనును నవ్వితిని. మూడు దినములు నా చేతి ముద్ద ముట్టలేదు. నాలుగవనాడు నేను దొడ్డిలోనికి పోయి తలుపు వేసికొనగా కెవ్వున అరచినది. అది మొదలు మూడు మాసములు నా కొంగు వదలలేదు. రాత్రులందు లేచి చీకటిలో నా ముక్కును, కన్నులను తడవి చూచెడిది. తమ్ముడు పుట్టినందుకు అసూయ యన్నారు. నేనును అట్లే నమ్మితిని. విసుగుపుట్టి ఒకసారి చేయి చేసికొంటిని కూడ.

మా వారు తమ శిక్షణ పరీక్షకై తెచ్చుకొనిన గ్రంథములలో ఒకదానిని, చంటివాడు నిద్రించు వేళల నేను తిరుగవేయుచుండెడిదానను. అందు రాబర్ట్‌సన్ దంపతుల కథ కనబడినది. చదువుచున్నకొలదిని నా యింటి సంగతియే మరియెవరో వ్రాసినట్లుండెను.

జేమ్స్ రాబర్ట్‌సన్ అను నాతడు 1911లో స్కాట్లండున పుట్టినవాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున లండనులో ఆన్నా ఫ్రాయిడ్ నడిపిన శిశుగృహములలో పొయ్యిలను, చిల్లర మరమ్మతులను చూచుకొను పనిలో చేరినాడు. అతని భార్య జాయిస్ అక్కడనే పిల్లలను చూచుచుండెడిది. ఆ గృహములందు ఎంత చిన్న యుద్యోగియైనను పిల్లలలో తాను కన్నదానిని చీటీలమీద వ్రాయవలెనను నియమముండెను. పొయ్యి వేయువాని కన్నుకూడ విలువగలదని తలచిన ఆ యజమానురాలిని నేను మెచ్చుకొనకుండలేను.

1948లో ఆయన జాన్ బౌల్బీ యను వైద్యుని యొద్ద చేరి, ఆసుపత్రులలో నున్న శిశువులను పరిశీలింప సాగెను. ఆ కాలమున లండను ఆసుపత్రులలోని నియమములను వినిన మన కడుపు తరుగుకొనిపోవును. ఒకచోట తలిదండ్రులు ఆదివారమున రెండు గంటలు మాత్రమే రావలెను. మరియొకచోట మొదటి మాసమంతయు దర్శనమే లేదు. రాత్రి ఏడెనిమిది గంటల నడుమ వచ్చి, నిద్రించు బిడ్డను చూచి పోవలెను. వేరొకచోట మూడేండ్లలోపు బిడ్డను తల్లి అడ్డుగోడ వెలుపలనుండియే చూడవలెను. దాదులు క్రూరులు కారు. పిల్లలు నెమ్మదిగా నున్నారనియు, తల్లి వచ్చి పోయిననే గోలపెట్టుదురనియు, కాబట్టి తల్లి రాకుండుటయే పిల్లకు మేలనియు వారు నిజముగా నమ్మినారు. మా యింట ఫోను దాచుటయు ఇదియే గదా!

ఆ నెమ్మది నెమ్మది కాదని రాబర్ట్‌సన్ కనుగొనెను. విడువబడిన పసిబిడ్డ మొదట ఏడ్చి, వెదకి, తిరుగబడును. పిదప ఆశ యుడిగి మూల చేరును. మూడవ దశలో కోలుకొనినట్లు కనబడును. తినును, ఆడుకొనును, ఎవరు పిలిచినను పోవును. తల్లి వచ్చినప్పుడు మాత్రము ముఖము త్రిప్పుకొనును. ఆసుపత్రివారు మూడవ దశను చూచి బిడ్డ కుదుటపడినదనుకొనిరి. పండ్రెండవనాటి కబురు విని నేను సంతోషించినది ఆ మూడవ దశను గూర్చియే.

చెప్పిన ఎవరును వినకుండుటచేత ఆయన చలనచిత్రము తీసెను. అంతకు మునుపు ఆ యంత్రమును చేతబట్టి యెరుగడు. బొడ్డువద్ద ఉబ్బునకు శస్త్రచికిత్స నిమిత్తమై ఎనిమిది దినములు ఆసుపత్రిలోనున్న లారా యను బిడ్డకు, దాదాపు మా అమ్మాయి వయస్సే, రెండేండ్ల అయిదు నెలలు. ఏడ్చిన ఘడియలనే యేరి చూపినాడని ఎవరు ననకుండుటకై, ప్రతిదినము నియమిత వేళలలోనే చిత్రించి, గోడ గడియారము కూడ కనబడునట్లు చేసెను. లారా తరచుగా ఏడ్వదు. పెదవులు బిగబట్టుకొని, నడుమ నడుమ మెల్లగా అమ్మ యెక్కడ యని యడుగును. ఇంటికి పోవునాడు తన వస్తువులన్నియు తీసికొన్నది గాని తల్లి చేయి పట్టుకొనలేదు. 1952లో ఆ చిత్రమును వైద్యుల సభలో చూపగా, తమ వృత్తికే అపకీర్తి తెచ్చినాడని పలువురు మండిపడిరి. 1959లో ఆ దేశప్రభుత్వము నియమించిన సంఘమువారు, పిల్లల వార్డులకు తలిదండ్రుల రాకపోకలను అడ్డగింపరాదనియు, పసివారితో తల్లినికూడ చేర్చుకొనవలెననియు సిఫారసు చేసిరి. అది ఆచరణలోనికి వచ్చుటకు మరికొన్ని యేండ్లు పట్టినది.

ఇంతవరకు చదివి నేను పుస్తకము మూసి ఏడ్చితిని. తల్లి బిడ్డను విడిచి కదలనే రాదని దీని యర్థమా? అట్లయిన వ్యాధి వచ్చిన తల్లి, ఉద్యోగమునకు పోవు తల్లి, ఏమి కావలెను? బౌల్బీ వ్రాతలను పట్టుకొని ఆడుదానిని ఇల్లు కదలనీయక కూర్చుండబెట్టవలెనని వాదించినవారును లేకపోలేదు. వారితో నాకు పొత్తు కుదరదు. ఆ దంపతుల తరువాతి పనిని చదివిన పిమ్మటనే నాకు ఊపిరి యాడినది. ఉత్తరము వ్రాసిన సోదరికి నేను చెప్పదలచినదియు అదియే.

1969లో వారు విడుదల చేసిన చిత్రములో జాన్ అను పదునేడు నెలల బిడ్డ, తల్లి రెండవ కానుపునకు పోగా, తొమ్మిది దినములు శిశుగృహములో నుండెను. దాదులు చెడ్డవారు కారు. కాని వేళవేళకు మారిపోవుచుందురు. ఒకామె యొడి చేరునంతలో ఆమె పని ముగించుకొని పోవును, మరునాడు వేరొకామె. వాడు కడకు తనకంటె పెద్దదైన ఎలుగుబంటి బొమ్మను కౌగిలించుకొని పడియుండెను. తల్లి వచ్చినప్పుడు ఆమె యొడిలో నిలువక పెనుగులాడెను.

అదే కాలమున జాయిస్, తల్లులు కానుపునకు పోయిన మరి నలుగురు బిడ్డలను ఒక్కొక్కరినిగా తన యింటనే యుంచుకొని సాకెను. వారిలో ఒకతె ఇరువదియేడు దినములున్నది. నేను ఆసుపత్రిలో నున్నదానికంటె ఒక దినము హెచ్చు! ముందుగానే బిడ్డను తన యింటికి రప్పించుకొని చనువు చేసికొన్నది. బిడ్డ తినునట్టి తిండి, పండుకొను వేళ, అలవాట్లు తల్లినడిగి తెలిసికొన్నది. బిడ్డ దుప్పటిని, బొమ్మలను, తల్లి ఛాయాపటమును తెప్పించినది. ప్రతిదినము తల్లి మాట తానే యెత్తెడిది, తండ్రిని రమ్మనెడిది. ఆ నలుగురికిని బెంగ లేకపోలేదు. ఏడ్చిరి, అలిగిరి. కాని జాన్ వలె కూలిపోలేదు. తల్లి వచ్చినప్పుడు ఆమెను తల్లిగనే యెరిగిరి. బిడ్డకు పట్టుకొనుటకు మారని చేయి యొకటి యుండుటయు, ఆ చేయిగలవారు తల్లిని మాటలలో బ్రదికించి యుంచుటయు, వారు కనుగొన్న కీలకము. ఈ విషయమున వారికి బౌల్బీతోనే అభిప్రాయభేదము కలిగినది.

అప్పుడు మా అత్తగారిని గూర్చి నా మనస్సులోనుండిన చిన్న ముల్లు రాలిపోయినది. ఆ ఇరువదియారు దినములు నా బిడ్డకు చేయి మారలేదు. అన్నము కలిపినది, కడిగినది, ప్రక్కన పండుకొనినది ఆమెయే. నా చిన్ననాట మా నాయనగారు అరుగుమీద కూర్చుండబెట్టి భారతము చెప్పుచుండగా, ఉద్యోగపర్వములో కర్ణుడు కృష్ణునితో పలుకు ఘట్టము వచ్చెను. జన్మరహస్యము తెలిసియు కర్ణుడు రాధనే తల్లియనును. తన మలమూత్రముల నెత్తినది ఆమె యని హేతువు చెప్పును. రాజ్యము చేతికి వచ్చునని చెప్పుచుండగా ఈ మాటలేల యని ఆనాడు నాకు నవ్వు వచ్చినది. బిడ్డ మమత యెచ్చట పుట్టునో వ్యాసులవారికి తెలియును. మా అమ్మాయి నాయనమ్మ భుజమున ముఖము దాచుకొనుట నాకు అవమానము కాదు. ఆ భుజము లేకున్న మరేమి యగునో!

మరి లోపమెక్కడ? నా మాట యెత్తకుండుటలో. నేను మాయమగుటయు, పిదప నా పేరుకూడ మాయమగుటయు ఆ పసిదానికి ఒక్కటే. దానికి సాక్ష్యము దాని బొమ్మయే యిచ్చినది. నేను వచ్చిన నెలకు ఒకనాడు అది తన గుడ్డబొమ్మను మూలను పండబెట్టి, "ష్, ఏడవకు. ఏడిస్తే అమ్మ రాదు. అమ్మ లేదు, పో" అనుచున్నది. ఆ గొంతు మా ప్రక్కింటి పిన్నిగారిది. ఆ వ్రేలి బెదరింపు మా వారిది. పిమ్మట అది చీర చెంగువంటి గుడ్డ కప్పుకొని పిల్లివలె అడుగులు వేయుచు గదినుండి జారుకొన్నది. ఆ నడక మాత్రము నాదే! అది ఆ రాత్రి నిజముగా నిద్రించుచుండెనో లేదో నేటికిని నాకు తెలియదు.

పిల్లలు చెప్పినది నేర్తురో, చూచినది నేర్తురో యను ప్రశ్నకు ఆల్బర్ట్ బాండూరా యను పండితుడు 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో ఒక పరీక్ష చేసెను. గాలి నింపిన పెద్ద బొమ్మను పెద్దవారొకరు సుత్తితో మోది, తన్ని, తిట్టగా కొందరు పసివారు చూచిరి. మొత్తము 72 మంది బిడ్డలు. అట్లు చూచినవారిలో పలువురు, తరువాత తమంతట విడిచినప్పుడు, ఆ దెబ్బలనే, ఆ తిట్లనే అప్పగించినట్లు చేసిరి. కొట్టుమని వారికెవరును బోధింపలేదు. మా యింటను "కన్నుగప్పుట" యను పాఠము ఎవరును చెప్పలేదు.

మేరీ ఐన్‌స్‌వర్త్ అను విదుషి మాట యొకటి యిచట చెప్పవలెను. ఆమె 1954లో ఉగాండాకు పోయి, కంపాలా చేరువ పల్లెలలో 26 కుటుంబముల తల్లులను, బిడ్డలను ఇండ్లకు వెళ్లి చూచెను. తరువాత అమెరికాలోని బాల్టిమోరులో ఏడాది బిడ్డలతో ఒక పరీక్ష చేసెను. క్రొత్త గదిలో తల్లి బిడ్డను కొద్ది నిమిషములు విడిచి పోయి తిరిగివచ్చును. తల్లి పోవునప్పటి ఏడుపుకంటె వచ్చునప్పటి నడతయే ఆమెకు ముఖ్యము. కొందరు తల్లిని చేరి ఊరటపొంది మరల ఆటలో పడుదురు. కొందరు ఎత్తుకొన్నను ఊరడిల్లరు. కొందరు తల్లి వచ్చినట్లే యెరుగనట్లు బొమ్మలతో నుందురు. ఈ కడపటివారే బుద్ధిమంతులని మనమనుకొందుము. 1977లో అచ్చైన పరిశోధనలో, అట్టి బిడ్డల గుండెలును వేగముగనే కొట్టుకొనుచుండెనని తేలినది. తొలి నెలలలో పిలుపునకు వెంటనే పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరకు తక్కువగా ఏడ్చిరనియు ఆమె చూచినది. ఎత్తుకొనిన పిల్ల చెడునను సామెతలు మనలో చాల కలవు. వానికి నేను భయపడుట మానితిని.

నేను చదివినదంతయు ఒక మధ్యాహ్నము మా అత్తగారికి చెప్పితిని. తప్పుపట్టితినని కోపగింతురేమో యని జంకుచునే చెప్పితిని. ఆమె చాలసేపు చింతపండు గింజలు తీయుచు పలుకలేదు. పిమ్మట, "నా చిన్నప్పుడు మా అమ్మ సంతకు పోతున్నానని చెప్పి పోయింది. నెల దాటాక వచ్చింది. మా మామయ్యకు జబ్బు చేసిందట. సంతంటే ఇప్పటికీ నాకు పడదు" అన్నారు. నలుబది యేండ్ల సంసారములో ఆమె సంతకు పోనిది నేనెరుగుదును గాని, కారణ మెరుగను.

మా చిన్నవానికి రెండేండ్లు వచ్చిననాడు మా అమ్మగారి కంటి శస్త్రచికిత్సకు తొమ్మిది దినములు పోవలసివచ్చినది. ఈసారి మూడు దినములు ముందుగానే చెప్పితిమి. నా పెట్టె సర్దునప్పుడు వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొంటిని. బస్సుదాక నాయనమ్మ చంకలో వచ్చినాడు. నేను ఎక్కగా ఊరంతయు వినబడునట్లు ఏడ్చినాడు. బస్సులోనివారు నన్నొక రాక్షసిని చూచినట్లు చూచిరి. ప్రతి సాయంకాలము ఫోనులో నా ముఖము చూచి యేడ్చుచున్నను, మా అత్తగారు ఫోను దాచలేదు, "అవును నాన్నా, అమ్మ కోసమే. అమ్మమ్మ కన్ను బాగవ్వగానే వస్తుంది" అని వీపు నిమురుచుండెడివారు. మా అమ్మాయి తమ్ముని ప్రక్కన కూర్చుండి అదే మాట చెప్పెడిదట. నేను తిరిగివచ్చినప్పుడు వాడు వీధి సగముదాక పరుగెత్తివచ్చి, ఆగి, దగ్గరకు వచ్చి పిడికిలితో నా మోకాలిమీద గట్టిగా ఒక గ్రుద్దు గ్రుద్ది, పిమ్మట చంక నెక్కినాడు.

కావున, అమ్మా, నీవు మెలకువగా నున్న బిడ్డకు చెప్పియే వెళ్లుము. ఏడ్చును, ఏడ్వనిమ్ము. మీ అత్తగారితో ఇప్పటినుండియే వాని స్నానము, అన్నము, నిద్ర ఆమె చేతిమీదుగా జరుగునట్లు చూచుకొనుము. వెళ్లుదినమున ఒక్కసారిగా అప్పగింపకుము. రోజుకొకరు ముద్దుచేసి ఎత్తుకొనిపోవుట వద్దని చుట్టుప్రక్కలవారికి ఆమెచేతనే చెప్పింపుము. నీ మాట రోజును ఎత్తవలెనని, ఏడ్చిన అమ్మ రాదను బెదరింపు ఎవరును పలుకరాదని మీ వారితోకూడ చెప్పుము. వచ్చిన దినమున చంటిబిడ్డను మరియొకరి చేతికిచ్చి, ఉత్త చేతులతో లోనికి రమ్ము. వాడు ముఖము త్రిప్పుకొనిన నవ్వకుము, ఎవరిని నవ్వనీయకుము, ప్రక్కన కూర్చుండుము. నీవు కట్టి విడిచిన చీర యొకటి ఉతుకనీయక వాని పక్కలో నుంచి వెళ్లుట మరువకుము.